మరియమ్మ గిన్నె

అమ్మ పోయాక ఆమె చీరలు పంచేశాను, మంచం తీయించేశాను, మందుల డబ్బా పారేశాను. వంటింటి అటక జోలికి మాత్రం పోలేదు. అక్కడున్నది నేను వాడే సామాను కాదు, ఆమె పారేయనిచ్చే సామానూ కాదు. ఈ వేసవిలో గుంటూరులోని మా ఇంటికి రంగులు వేయించాల్సి వచ్చింది. ఇక తప్పక స్టూలెక్కి ఒక్కొక్కటే కిందికి దించాను. పళ్లు అరిగిపోయిన కొబ్బరికోరు, కంతలు పడ్డ జల్లెడ, మూత లేని జాడీ, ఆ జాడీలో పాత చీరముక్కలో చుట్టిపెట్టిన చిన్న స్టీలు గిన్నె. గిన్నె తిరగేసి చూస్తే అడుగున పాత్రల కొట్లో కొట్టే చుక్కల అక్షరాల్లో ‘మరియమ్మ’ అని ఉంది. పేరు పక్కన చిన్న సిలువ. నిచ్చెన మీద నుంచి చూస్తున్న రంగులతను “ఎవరండీ మరియమ్మగారు, మీ చుట్టాలా?” అనడిగాడు. “మా అమ్మకి తెలిసినావిడ” అన్నాను. అన్నాక అది నిజమో అబద్ధమో నాకే తెలియలేదు. గిన్నె పట్టుకుని కిటికీ దగ్గర చాలాసేపు కూర్చున్నాను. 

మాది ఉద్దానం. శ్రీకాకుళం జిల్లాలో సముద్రం పక్కన కొబ్బరితోటలు, జీడితోటలు, మధ్యలో పనసచెట్లు. నా చిన్నతనంలో ఎండ మొహాన పడకుండా బడికి వెళ్లొచ్చేవాళ్లం. ఒక ఏడాది తుఫాను వచ్చి మా తోటని పడుకోబెట్టేసింది. తెల్లారి బయటికి వస్తే మా ఇంటి ముందు నుంచి సముద్రం కనిపించింది. అప్పటిదాకా దాని చప్పుడు వినడమే గానీ ఇంట్లో నుంచి దాన్ని చూసింది లేదు. జీడి మళ్లీ నాటితే కాపుకొచ్చేసరికి ఏళ్లు పడుతుంది. బాబాయి ఊళ్లోనే ఉండి మొక్కలు నాటుతానన్నాడు. నాన్న ఎవరో చెప్తే గుంటూరు జిల్లాలో మిరపకాయలు దాచే కోల్డ్ స్టోరేజీలో వాచ్‌మన్ పనికి కుదిరాడు. నా పదో తరగతి పరీక్షలు ఇంకా ఏడాది ఉన్నాయనగా నన్నూ అమ్మనూ తీసుకొచ్చేశాడు. రైలు దిగి, బస్సెక్కి, చిలకలూరిపేట దాటి లోపలికి పోయే ఆటో ఎక్కేసరికి అమ్మ పూర్తిగా మాట్లాడ్డం మానేసింది. నల్లటి నేల, పీకేసిన పత్తికట్టె కుప్పలు, ఎటు చూసినా ఆకాశం కిందికంటా దిగి ఉండటం. “సెట్టు లేదేటే?” అని మాత్రం ఒకసారి నన్నడిగింది, నేనేదో ఆ చెట్లు దాచిపెట్టినట్టు.

సాంబ్రాజ్యంగారి ఇంటి వెనక వసారాలో రెండు గదులు అద్దెకు దొరికాయి. సాంబ్రాజ్యంగారిది వ్యవసాయం. మిరపా పత్తీ వేసేవాళ్లు. మనిషి లావు, గొంతు అంతకన్నా లావు. తెల్లవారుజామున పాలేరును లేపితే రెండు వీధుల అవతల కోళ్లు కూడా లేచేవి. ఆ ఊరంతా అంతే. ఇద్దరు నిలబడి మాట్లాడుకుంటుంటే కొట్టుకుంటున్నారేమోనని నేను గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చేదాన్ని. తీరా చూస్తే ఒకాయన రెండో ఆయన్ని భోజనానికి పిలుస్తుండేవాడు. కోపానికీ ప్రేమకీ ఒకటే శ్రుతి. ఆ సంగతి అర్థం కావడానికి నాకు కొన్ని నెలలు పట్టింది. అమ్మకి జీవితాంతం పట్టింది.

మేం వెళ్లింది మిరపకాయల కాలంలో. ఊరి చుట్టూ కల్లాలన్నీ ఎర్రగా పరిచి ఉండేవి. గాలి తిరిగితే ఊరు ఊరంతా తుమ్మేది. వాళ్లు తుమ్మేసి మాట కొనసాగించేవాళ్లు, మేం మాత్రం కళ్లు తుడుచుకుంటూ లోపలికి పోయేవాళ్లం. నాన్న డ్యూటీ దిగి వస్తే ఆయన కంటే ముందు ఘాటు వచ్చేది. ఆ చొక్కాలు ఉతికితే అమ్మ చేతులు మండేవి, ఆ చేతులతో కళ్లు తుడుచుకుంటే కళ్లు మండేవి. అందుకని ఆమె ఏడ్చినా నాకు తెలిసేది కాదు. బోరింగు నీళ్లు ఉప్పగా ఉండేవి. ఆ నీళ్లతో పప్పు ఉడికేది కాదు. మంచినీళ్లు ఊరి చివర చెరువు నుంచి బిందెతో తెచ్చుకోవాలి. ఊళ్లో మా ఇంట్లో పొద్దున్నే గంజన్నం, నంజుకోవడానికి ఉల్లిపాయో కాల్చిన ఎండుచేపో ఉండేవి, ఏ కూర చేసినా దించేముందు ఓ గుప్పెడు కొబ్బరి కోరి వేసేది అమ్మ. ఇక్కడ కొబ్బరికాయంటే దేవుడికి కొట్టేదే. అమ్మ కొబ్బరికోరును గోడకు తగిలించి, రోజూ దాని మీద దుమ్ము తుడిచేది.

బడిలో నా సంగతీ అంతంతమాత్రమే. మొదటి రోజు టీచరు పేరడిగితే చెప్పాను, ఊరడిగితే చెప్పాను. “ఎందుకొచ్చారమ్మా ఇంత దూరం?” అంటే “తోటలు పడిపోనాయండి” అన్నాను. క్లాసంతా గొల్లుమంది. ఆ రోజు నుంచి నేను నోరు తెరవకుండా విన్నాను. ‘ఎల్లిపోనాను’ మింగేసి ‘వెళ్లిపోయాను’ నేర్చుకున్నాను. ‘ఏటి’ని ‘ఏంటి’ చేశాను. దసరా సెలవులు అయ్యేసరికి నన్ను ఎవరూ కనిపెట్టలేనంతగా మాట్లాడేదాన్ని. అయితే ఇంట్లో అమ్మతో అలా మాట్లాడితే ఆమె మొహం అదోలా అయ్యేది. గుమ్మం బయట ఒక మాట, గుమ్మం లోపల ఒక మాట. ఎక్కడైనా నాది కాని మాటే మాట్లాడుతున్నట్టు ఉండేది. ఆ వయసులో నేను ఎంత ఒంటరిగా ఉన్నానో ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే జాలేస్తుంది. కానీ నాకు బడి ఉంది, పుస్తకాలున్నాయి, పక్కన కూర్చునే పిల్ల ఒకతి ఉంది. అమ్మకి ఆ రెండు గదులు తప్ప ఏమీ లేవు.

పొద్దున నేనూ నాన్నా వెళ్లిపోయాక ఆమె గిన్నెలు తోమేది, తోమినవే మళ్లీ తోమేది. మధ్యాహ్నం తలుపు దగ్గరగా వేసుకుని దాని వెనక కూర్చునేది. వీధిలో ఆడవాళ్ల మాటలు వినిపించేంత దగ్గర, తాను కనిపించనంత దూరం. సాయంత్రం నేను పుస్తకాల సంచి దించకముందే “ఆలింట్లో ఇయ్యాల సుట్టాలొచ్చినారు”, “ఆ ఎర్రసీర ఆవిడికి జొరమట” అని చెప్పేది. ఆ ఆడవాళ్లలో ఒక్కరితోనూ ఆమె మాట్లాడింది లేదు. ఒకసారి చెరువు దగ్గర ఎవరో పలకరిస్తే జవాబు చెప్పిందట, వాళ్లు ఆ జవాబును తిరిగి ఆమె యాసలోనే అని నవ్వారట. వాళ్లు ముద్దుగానే అని ఉంటారని నాన్న అన్నాడు. అమ్మ ఆ తర్వాత చెరువుకి ఎండ బాగా ముదిరాక, ఎవరూ లేనప్పుడు వెళ్లడం మొదలుపెట్టింది. నాన్నతో “నానూ గుంటా ఎల్లిపోతాం, నువ్వుండు” అని రోజూ అనేది. గుంటంటే మా వైపు ఆడపిల్ల. ఆమెకి ఆ ఊళ్లో మాట్లాడ్డానికి ఒక్క మనిషి దొరికితే చాలు, ఉండిపోతుందని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఎక్కణ్నించి తెస్తాం?

అప్పుడు జరిగింది కారం పొట్లం సంగతి. ఊరి నుంచి తెచ్చుకున్న కారం అయిపోతే అమ్మ నన్ను కొట్టుకి పంపింది. మా వైపు అది మామూలే. ఇక్కడ ఆ కొట్టాయన నేనడిగింది విని తూచడం ఆపేసి నన్ను పైనుంచి కిందికి చూశాడు. “కారమా? ఎవరింటి పిల్లవమ్మా?” అన్నాడు. అక్కడున్న నలుగురూ నా వైపు తిరిగారు. ఎక్కడో మూల దుమ్ము పట్టిన పొట్లం ఒకటి వెతికి ఇచ్చాడు. ఆ ఊళ్లో ఎవరూ కారం కొనరని నాకేం తెలుసు? ఎండలు ముదిరాక ప్రతి ఇంట్లోనూ ఏడాదికి సరిపడా కాయలు ఎండబెట్టి, తొడిమలు తీసి, కొట్టించి జాడీలకెత్తుకుంటారు. చేను లేనివాళ్లకి చేనున్నవాళ్లు ఇస్తారు. కారం కొనుక్కున్నారంటే ఆ ఇంటికి ఊళ్లో నా అన్నవాళ్లు ఒక్కరు కూడా లేరని అర్థం. పొట్లం తీసుకుని నేను ఇల్లు చేరేలోపే ఆ కబురు నన్ను దాటుకుని వీధిలోకి వెళ్లిపోయింది.

సాయంత్రం సాంబ్రాజ్యంగారు ముందు, ఆమె వెనక వీధిలో ఆడవాళ్లు మా వసారాలోకి వచ్చారు. అందరి చేతుల్లోనూ గిన్నెలు.

“ఏమ్మాయ్, కొట్లో కారం కొంటన్నావంట?” అంది సాంబ్రాజ్యంగారు గుమ్మంలో నుంచే. “నాతో ఒక్క మాటంటే నోరరిగిపోద్దా? మేమంతా ఏమైపోయాం? మిరపకాయల మధ్యన కూర్చుని పొట్లం కొనుక్కోటమేంటి? నా ఇంట్లో ఉండేవాళ్లకి కారానిక్కూడా దిక్కులేదని ఊరంతా అనుకోవాలా?”

“ఆ పొట్లాల్లో ఇటుకపొడి కలుపుతారో రంపంపొట్టు కలుపుతారో ఎవరికి తెలుసు?” అంది ఇంకొకావిడ. “ఆడపిల్ల తల్లివి. అయ్యి పెడతావా పిల్లకి?”

“ఇదిగో, ఇది మా చేలోది. కళ్లు మూసుకుని వాడుకో.”

గిన్నెలన్నీ వరసగా గట్టు మీద పెట్టేశారు. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. అమ్మ వంటింటి మూలకి జరిగి, కొంగు రెండు చేతులతో పట్టుకుని, తప్పు చేసిన పిల్లలా తల దించుకుంది. “కూర్చోండి” అనలేదు, “మీరెందుకు తెచ్చారు” అనలేదు. కాసేపు చూసి వాళ్లే వెళ్లిపోయారు. వాళ్లు గడప దాటగానే నన్ను పట్టుకుని ఏడ్చింది. “మనం ముష్టోలమనుకున్నారేటే? డబ్బులిచ్చి కొనుక్కుంతే కూడా తప్పేనేటి? నా ఇంట్లోకొచ్చి నన్ను అన్ని మాటలన్నారు!” నాన్న వచ్చాక “ఆల మాటే అలాగ. మనసులో ఏటీ లేదు” అని చెప్పబోయాడు. “మాటే అలాగైతే మనసెలాగ తెలుస్తాది?” అంది అమ్మ. 

ఆ గొడవంతా సద్దుమణిగి దీపాలు పెట్టే వేళకి ఇంకొకావిడ వచ్చింది. బక్కమనిషి, నెరిసిన జుట్టు, తెల్లచీర. పేరు మరియమ్మ అనీ, నాన్న పనిచేసే చోట తొడిమలు తీసే పనికి వెళ్తుందనీ, సాంబ్రాజ్యంగారి ఇంట్లో గొడ్ల దగ్గర పని చేస్తుందనీ, ఆదివారాలు చర్చి ఊడుస్తుందనీ తర్వాత తెలిసింది. ఇల్లు చర్చి వెనక, ఊరికి ఎడంగా ఉన్న దళితుల పల్లెలో. ఆమె లోపలికి రాలేదు. అరుగు దగ్గర నిలబడి, తలుపు వెనకున్న అమ్మ నీడను చూసి మాట్లాడింది. “అమ్మా, మీది సముద్రం పక్కనంట గదా. నా పుట్టిల్లు వాడరేవు దగ్గర. అందుకని తెచ్చా. మీకిష్టమైతేనే తినండి.” గిన్నె చేతికివ్వలేదు. అరుగు మీద పెట్టి, మూత సరిచేసి వెళ్లిపోయింది. ఊరికి మా మీద ఎన్ని ప్రశ్నలున్నా, సముద్రం గురించి ఎత్తిన మనిషి ఆమె ఒక్కతే. అమ్మ తలుపు వెనక నుంచి పలకలేదు. ఆమెకి ఆ రోజు మాటలన్నీ అయిపోయాయి.

ఆ గిన్నెలన్నిటినీ అమ్మ గూట్లో పెట్టి గుడ్డ కప్పేసింది. కొట్లో కొన్న పొట్లమే వాడింది. కొన్నాళ్లకి ఓ పొద్దున నేను బడికి తయారవుతుంటే వంటింట్లో నుంచి “ఏటే, ఇలారా” అని పిలిచింది. ఆ పిలుపులో ఏదో తేడా ఉంది. చూస్తే మరియమ్మ గిన్నె మూత తీసి పట్టుకుంది. “వాసన సూడు.” చూశాను. రొయ్యపొట్టు. ఎండురొయ్యల్ని వేయించి, వెల్లుల్లి, జీలకర్ర వేసి దంచిన కారం. మా నాయనమ్మ దంచేది అచ్చం అలాగే. అమ్మ గంజన్నంలో చిటికెడు వేసుకుని నోట్లో పెట్టుకుంది. తింటూ నవ్వింది, ఆ నవ్వుతోనే కళ్లమ్మట నీళ్లు కారాయి. ఆ ఊరొచ్చాక ఆమె అన్నం ఇష్టంగా తినడం నేను అప్పుడే చూశాను. తర్వాత రోజూ అంతే. నాకు పెట్టేది కాదు, నాన్నకి పెట్టేది కాదు. అయిపోతుందేమోనని తాను కూడా వేలి కొసతో తీసుకుని తినేది. గిన్నె అడుగు కనిపించాక గోడలకంటినదాన్ని అన్నం ముద్దతో తుడుచుకుని తినేసింది. పల్లెలోవాళ్ల చేతి వంట మా ఊళ్లోనైతే మా నాయనమ్మ ఇంట్లోకి రానిచ్చేది కాదు. ఆ ఆలోచన అమ్మకి వచ్చిందో లేదో నాకు తెలియదు. వచ్చినా ఆకలి ముందు నిలబడలేదు.

ఇక్కడే మొదలైంది అసలు చిక్కు. ఎవరైనా గిన్నెలో ఏదైనా పెట్టి ఇస్తే ఆ గిన్నె ఉత్తగా తిరిగివ్వకూడదు. అది మా వైపూ ఉంది, ఈ వైపూ ఉంది. ఇంత చక్కెరన్నా వేసి ఇవ్వాలి. అమ్మకి చక్కెర సరిపోదనిపించింది. “అలాటిదిచ్చినామెకి సెక్కెరిస్తామేటే? మన జీడిపప్పు ఇచ్చేద్దుం. మీ బాబాయి పంపినాక గిన్నె నిండా పోసి నానే అట్టుకెల్తాను” అంది. బాబాయి నాటిన జీడిమొక్కలు అప్పటికి నా మోకాలెత్తు. ఆ సంగతి ఆమెకి నా కంటే బాగా తెలుసు. అయినా ఆగింది. ఆలోగా మిగతా ఆడవాళ్లు ఒక్కొక్కరే “మా గిన్నె ఏదమ్మా?” అని మొహమాటం లేకుండా వచ్చారు. అమ్మ గుడ్డ తీసి ఎవరి గిన్నె వాళ్లకిచ్చింది. ఎలా తెచ్చిన కారం అలాగే ఉంది. మూత తీసి చూసుకున్న సాంబ్రాజ్యంగారి మొహం కందిపోయింది. మా గుమ్మంలో ఏమీ అనకుండా తన పెరట్లోకి వెళ్లాక మాత్రం వీధంతా వినేట్టు అంది. “మా కారమే పనికిరాకపోయె, మరియమ్మ కారం ముడతారా వాళ్లు? ఎప్పుడో దిబ్బలో పారబోసుంటారు.” మరియమ్మ అప్పుడు ఆ పెరట్లోనే పేడ ఎత్తుతోంది. మా కిటికీలో నుంచి కనిపిస్తూనే ఉంది. ఆమె తలెత్తలేదు. అమ్మ కిటికీ ఊచ పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

తర్వాత వీధిలోవాళ్లు మా గుమ్మం వైపు రావడం తగ్గించారు. కోపంతో కాదు. మాకు ఇష్టం లేదనుకున్నారు. మరియమ్మ తన గిన్నె కోసం ఎప్పుడూ రాలేదు. అమ్మ ఆ గిన్నెను తళతళలాడేలా తోమి, గూట్లో బోర్లించి ఉంచింది. “ఇచ్చేసి రానా?” అని నేను చాలాసార్లు అడిగాను. “కడిగిన గిన్నె ఉత్తది ఇస్తే ఆలనే మాట నిజమయిపోదేటే? పారబోసి కడిగినాం అనుకోదా ఆవిడ?” అనేది. చెప్పేస్తే సరిపోతుంది గదా అంటే, “ఏ మాటతో సెప్పను?” అనేది. ఆమె భయం మరియమ్మంటే కాదు, తన నోరంటే.

మిరపకాయల పని ముమ్మరంగా ఉన్న రోజుల్లో అమ్మ కూడా తొడిమలు తీసే పనికి బయల్దేరింది. మొహానికి కండువా కట్టుకుని, నాన్న వెనకాల నడిచి వెళ్లింది. నాకు ఎంత సంతోషమేసిందో. ఆ మనుషుల మధ్యన కూర్చుంటే ఏదో ఒక మాట కలవకపోతుందా అనుకున్నాను. సాయంత్రం వచ్చిన మనిషి చేతులు ఎర్రగా ఉబ్బిపోయి ఉన్నాయి. ఆ వేళ ఏం జరిగిందో ఆమే చెప్పింది. వరసలో ఎదురుగా మరియమ్మ కూర్చుందట. అన్నాల వేళకి అందరూ గుంపులుగా పోతే అమ్మ ఒక్కతే లారీ నీడన కూర్చుంది. మరియమ్మ వచ్చి కాస్త ఎడంగా నిలబడి, “చేతులు మండుతున్నయ్యా అమ్మా? నీళ్లతో కడగమాకండి, ఇంకా ఎక్కువవుద్ది. ఇదిగో నూనె” అందట. అమ్మ చేతులు చాపింది. మరియమ్మ తగలకుండా పైనుంచి నూనె పోసింది. “బాగున్నారా?” అనడిగింది. అమ్మ తలూపింది. మరియమ్మ ఇంకాసేపు అక్కడే నిలబడి, వెళ్లిపోయింది.

“సెప్పాలనుకున్నాను” అంది అమ్మ, ఉబ్బిన చేతులు ఒళ్లో పెట్టుకుని. “నీ కారమే తిన్నానమ్మా, నీదొక్కదే తిన్నానని. నోటిదాకా వొచ్చింది. పక్కనాలు ఇంటన్నారు. నవ్వుతారేమోనని ఊరుకుండిపోనాను.”

“రేపు చెప్పమ్మా. తప్పకుండా చెప్పు.”

మర్నాడు ఆమెకి జ్వరం. నాన్న మళ్లీ పనికి పోనివ్వలేదు. నా పరీక్షలు అవగానే గుంటూరులో ఇంకో కోల్డ్ స్టోరేజీలో జీతం మెరుగ్గా ఉందని నాన్న అటు మారాడు. బయల్దేరే పొద్దున సాంబ్రాజ్యంగారు లారీ దగ్గర నిలబడి, “పోతన్నారు గదా, పొండి! ఏడాదిపాటు పక్కనే ఉండి ఒక్కనాడన్నా మా ఇంట్లో మంచినీళ్లు తాగావా?” అని అమ్మను కేకలేసి, కేకలేస్తూనే ఏడ్చి, ఓ గోతంలో మిరపకాయలు మా సామాన్ల మధ్యన కుక్కింది. అమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. అంతే. లారీ చర్చి మలుపు తిరుగుతుంటే పల్లె వైపు చూసింది. మరియమ్మ గిన్నె ఆమె ఒళ్లో సంచిలో ఉంది. డ్రైవర్‌ను ఆపమంటే ఆపేవాడే.

గుంటూరులో మాకు నిలదొక్కుకోవడానికి టైము పట్టినా, ఊరు పెద్దది కావడం మేలైంది. యాస వింటే వెనక్కి తిరిగి చూసేవాళ్లు లేరు. నేను చదువుకున్నాను, ఉద్యోగం వచ్చింది, పెళ్లి చేసుకున్నాను. ఇప్పుడు నన్నెవరైనా “మీది గుంటూరేగా” అంటే అవునంటాను. అమ్మ మాత్రం మారలేదు. బాబాయి మొక్కలు కాపుకొచ్చాయి. ఏటా జీడిపప్పు పార్సిలు వచ్చేది. వచ్చిన ప్రతిసారీ ముందు ఒక గిన్నెడు తీసి పక్కన పెట్టేది. “పదమ్మా, బస్సెక్కితే గంటన్నర, వెళ్లొద్దాం” అనేదాన్ని. “ఇన్నాల్లయినాక ఏటని ఎల్తాను? నన్ను గుర్తెట్టుకుంతాదేటి?” అనేది. పప్పు మెత్తబడే దాకా చూసి, ఏ పాయసంలోనో వేసేసేది. మరుసటేడు మళ్లీ తీసిపెట్టేది. ఆ వాయిదాల్లో నాన్న పోయాడు, అమ్మకి మోకాళ్లు పోయాయి, చివరికి అమ్మా పోయింది. నన్ను “ఏటే” అని పిలిచే మనిషి ఇప్పుడు ఈ ఊళ్లో లేదు. ఒక్కోసారి ఇంట్లో ఎవరూ లేనప్పుడు నాకు నేనే ఆ మాట అనుకుని చూస్తుంటాను. నా నోట్లో అది సరిగ్గా పలకదు.

రంగుల పని అయిపోయిన వారంలోనే బాబాయికి ఫోన్ చేసి జీడిపప్పు తెప్పించుకున్నాను. గిన్నె నిండా పోసి, పైన గుడ్డ కట్టి, ఒక్కదాన్నే ఆ ఊరు వెళ్లాను. సాంబ్రాజ్యంగారి ఇల్లున్న చోట ఎవరిదో రెండంతస్తుల మేడ ఉంది. కొట్టు అక్కడే ఉంది, కొట్టాయన లేడు. కొట్టు ముందు కంపెనీ కారం ప్యాకెట్లు దండల్లా వేలాడుతున్నాయి. ఒక పిల్ల వచ్చి ఒకటి తెంపించుకుని పోయింది, ఎవరూ తల తిప్పి చూడలేదు.  ఆనాడు నేను ఆ పిల్లనై ఉంటే ఎవరూ నన్ను పట్టించుకునేవాళ్లు కాదు, ఏ గొడవా లేదు. కానీ గిన్నెలు పట్టుకుని ఎవరూ వచ్చేవాళ్లూ కాదు.

చర్చి వెనక అడిగితే మరియమ్మ ఇల్లు చూపించారు. ఆమె చనిపోయి చాలా ఏళ్లయిందట. కోడలు దయామణి వరండాలో మిరపకాయలు ముందేసుకుని తొడిమలు తీస్తోంది. నా కంటే కొంచెం పెద్దది. గిన్నె చేతికిస్తే గుడ్డ విప్పకుండా పైకెత్తి అడుగున చూసింది.

“మా అత్తమ్మదండీ! మీకెక్కడిది?”

చెప్పాను. శ్రీకాకుళం అనగానే ఆమెకి గుర్తొచ్చింది. “ఆవిడ కూతురా మీరు? మా అత్తమ్మ చెప్పేది. నేనే ఒకసారి అడిగా, ఆ గిన్నె తెచ్చుకోపోయినావా అత్తా అని. ‘ఎందుకులేవే, మన చేతిదని పారబోసుంటారు, నేను పోయి అడిగితే ఆ అమ్మాయి ఇబ్బంది పడుద్ది’ అంది.”

“బాధపడ్డారా?”

“బాధేముందండీ. మామూలుగానే అంది. మాకలవాటే గదా.”

మామూలుగా అంది. అంతకంటే ఆమె తిట్టి ఉన్నా బాగుండేది.  ఎలా మొదలుపెట్టాలో తెలియక, అమ్మ చెప్పలేకపోయిన మాటను అమ్మ మాటల్లోనే చెప్పాను, ఎన్నో ఏళ్లుగా పలకని యాసలో. “మా అమ్మ ఆవిడి కారమే తిన్నాదండి. ఊరందరూ ఇచ్చినారు. ఆవిడిదొక్కదే తిన్నాది. గిన్నె గీకి గీకి తిన్నాది.”

దయామణి నవ్వలేదు. చేతిలో కాయను అలాగే పట్టుకుని, “నిజంగానా?” అంది.  ఎదురింట్లో ఎవరో ఎవర్నో అన్నానికి పిలుస్తున్నారు, పోట్లాడుతున్నట్టు. దయామణి లేచి గిన్నె పట్టుకుని లోపలికి వెళ్లింది. జీడిపప్పు ఒంపుకుని గిన్నె లోపల పెట్టి వస్తుందనుకున్నాను. గిన్నె నిండా రొయ్యపొట్టు కారం పోసి, మూత పెట్టి తెచ్చింది.

“ఇదేంటండీ, గిన్నె మీదే గదా, మీకివ్వడానికే వచ్చాను.”

“పెట్టి తెచ్చిన గిన్నె ఉత్తగా పంపుతామా? మా అత్తమ్మ ఊరుకునేదా? తీసుకెళ్లండి. గిన్నె మళ్లీ తెద్దురు గాని.” ఈసారి అరుగు మీద పెట్టలేదు. నా చేతిలో పెట్టి, నా వేళ్లు మూసింది.

ఆ కారం ఇప్పుడు సగం అయింది. పొద్దున్నే గంజన్నంలో చిటికెడు వేసుకుని, అమ్మ కూర్చున్నట్టే కింద కూర్చుని తింటున్నాను. ఆ ఊళ్లో ఏడాదంతా అమ్మ వెతుక్కున్న ఒక్క మనిషీ అరుగు దాకా వచ్చి నిలబడింది. ఆ మనిషి మరియమ్మేనని అమ్మకి ఎవరూ చెప్పలేదు.  గిన్నె అయిపోగానే ఏం నింపాలా అని నిన్నటిదాకా ఆలోచించాను. బాబాయి తోటలో జీడి మళ్లీ వచ్చే వేసవికి గాని రాదు. నింపడానికి ఏమీ దొరక్కపోయినా సరే, కడిగేసి ఉత్త గిన్నెతోనే వెళ్తాను.